ఇద్దరు కూర్చుని పైకి చదివితే (ప్రసంగ పాఠం)

(ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలోవాళ్లకి వినపడుతోందా? సరే. వినపడకపోతే మధ్యలోనే ఆపేసి చెప్పండి, నేనేమీ అనుకోను. ఇవాళ నేను మాట్లాడబోయేదే గట్టిగా చదవడం గురించి కాబట్టి, నాకే వినపడకుండా మాట్లాడితే బాగుండదు.

విషయం చిన్నదే. పాత నాటకాలు, పాత కావ్యాలు ఒక్కళ్లమే కూర్చుని చదువుకోవడం ఒక పని. ఒక స్నేహితుడితోనో స్నేహితురాలితోనో కూర్చుని, పైకి, వంతులు వేసుకుని చదవడం ఇంకో పని. రెండోది సరదాగా ఉంటుందని చెప్పడానికి రాలేదు. సరదాగానే ఉంటుంది, ఆ సంగతి వదిలెయ్యండి. నేననేది ఏమిటంటే, అదే పుస్తకంలో అప్పటిదాకా కనపడని సంగతులు అలా చదివినప్పుడు కనపడతాయి. ఎందుకు కనపడతాయి? దాని గురించే నాకు తోచింది చెప్తాను.

మనం ఒక్కళ్లం చదివేటప్పుడు ఏం చేస్తాం? నిజం చెప్పండి. కష్టమైన పద్యం వస్తే కింద తాత్పర్యం చూసుకుని ముందుకు వెళ్లిపోతాం. కొంతమందైతే పద్యం వైపే చూడరు, వచనం నుంచి వచనానికి గెంతుతారు. నవ్వుతున్నారు, అంటే మీరూ చేశారన్నమాట. పైకి చదివేటప్పుడు అలా కుదరదు. ఎదురుగా మనిషి కూర్చుని వింటున్నాడు. దాటేస్తే తెలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఒక మాట పైకి అనాలంటే అది ఎలా అనాలో ముందు తేల్చుకోవాలి. కోపంగానా, వెటకారంగానా, బెరుకుగానా? మనసులో చదువుకునేటప్పుడు ఆ ప్రశ్న వాయిదా వేసెయ్యొచ్చు. గొంతు విప్పాక వాయిదా వెయ్యడానికి లేదు, ఏదో ఒకటి అనేశారు, ఎదుటివాళ్లు విన్నారు.

ఒక ఉదాహరణ చెప్తాను. అల్లసాని పెద్దన మనుచరిత్ర. మీలో చాలామందికి కథ తెలుసు. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని హిమాలయాలకి వెళ్తాడు, మంచుకి అది కరిగిపోతుంది, ఇంటికి దారి తెలియదు. అక్కడ వరూధిని అనే అప్సరస కనపడుతుంది. అడుగుతాడు, "ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ, యొంటిఁ జరించె దోట లేకివ్వనభూమి" అని. బెదిరిన లేడి కళ్లలాంటి కళ్లున్నదానా, ఈ అడవిలో భయం లేకుండా ఒంటరిగా తిరుగుతున్నావు, ఎవరివి నువ్వు? ఈ పద్యం స్కూల్లో చదివినవాళ్లం, నోటికి వచ్చినవాళ్లం ఎంతమందిమో. నేనూ అంతే. నాకు అదొక అందమైన సంబోధన, అంతకుమించి ఏమీ లేదు.

నేనూ నా స్నేహితురాలూ కలిసి చదువుతుంటాం. తను చదువుకున్నది సైన్సు, తెలుగు పాఠాలు ఎప్పుడో పదో తరగతితో వదిలేసింది. ఆ రోజు తను ప్రవరుడు, నేను వరూధిని. తను ఆ పాదం చదివి ఆగిపోయింది. "ఇదేమిటే, ఒకే వాక్యంలో బెదిరిన కళ్లు అంటాడు, భయం లేకుండా తిరుగుతున్నావు అంటాడు. ఏదో ఒకటి కదా అవ్వాలి? నేను దీన్ని ఎలా చదవాలి?" అంది. చూడండి, తను అడిగింది అర్థం కాదు. ఎలా చదవాలి అని అడిగింది. అప్పుడు ఇద్దరం వెనక్కి వెళ్లి చూశాం. అంతకుముందు పెద్దన వర్ణించిన వరూధినిలో బెదురెక్కడుంది? లేదు. అక్కడ బెదిరినవాడు ఒకడే, దారి తప్పిన బాపనయ్య. తన భయమే ఆమె కళ్లలో కనపడుతోంది అతనికి. సరే, ఇలా చదువు అన్నాను, గొంతులో కొంచెం వణుకు పెట్టి చదివింది. పద్యం మొత్తం మారిపోయింది. ఇది మేమేదో కనిపెట్టామని చెప్పడం లేదు, కావ్యాలు పాఠం చెప్పేవాళ్లకి తెలిసిన సంగతే. కానీ మాకు ఎవరూ చెప్పలేదు. గొంతు పెట్టబోతే దొరికింది.

ఆ వెంటనే వరూధిని జవాబు. "ఇంతలు కన్నులుండఁ దెరు వెవ్వరి వేఁడెదు భూసురేంద్ర" అంటుంది. ఇంతింత కళ్లు పెట్టుకుని దారి ఇంకొకళ్లని అడుగుతావా? ఏకాంతంలో ఉన్న ఆడవాళ్లని ఏదో వంక పెట్టుకుని పలకరించడమే గాని వచ్చిన దారి నీకు తెలియదా అని. ఇది నా వంతు. దీన్ని ఎలా చదవాలి? మందలింపులా చదవొచ్చు. పిలుపులా చదవొచ్చు. నేను మొదటిసారి కోపంగా చదివాను. ప్రవరుడు బిక్కమొహం వేశాడు. అంటే నా స్నేహితురాలు. రెండోసారి నవ్వుతూ చదివాను, తను నవ్వేసింది. ఏది సరైనదంటే నేను చెప్పలేను. రెండూ పద్యంలో ఉన్నాయి, కానీ ఒక్కసారి చదివినప్పుడు ఒక్కటే బయటికి వస్తుంది. ఆ తర్వాత మేం పాత్రలు మార్చుకుని చదివాం. పాత్రలు మార్చుకోవడం తప్పకుండా చెయ్యండి, మీకు పుణ్యముంటుంది. రెండోవైపు నుంచి చూస్తే వాళ్లిద్దరూ దారి గురించి మాట్లాడుకోవడమే లేదు.

ఇప్పుడు నాటకం దగ్గరికి వద్దాం. కన్యాశుల్కం. 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది, మనం చదివే పెద్ద నాటకం గురజాడ తిరగరాసి 1909లో వేసింది. దాని గురించి చాలామంది ఒక ఫిర్యాదు చేస్తారు, చదవడం కష్టంగా ఉందండీ, ఆ యాస, ఆ రాత, మధ్యలో ఇంగ్లీషు ముక్కలు అని. ఒక్క పేజీ పైకి చదవండి. కంటికి అడ్డంపడ్డ మాట చెవిన పడగానే, ఓహో ఇదా అనిపిస్తుంది. ఎందుకంటే ఆయన మాట్లాడేది మాట్లాడినట్టు రాశాడు. మాట్లాడినదాన్ని మాట్లాడే చదవాలి, ఇందులో రహస్యం ఏముంది?

కానీ నేను కన్యాశుల్కం తెచ్చింది యాస కోసం కాదు. బుచ్చమ్మ కోసం. ఇద్దరే చదువుతున్నారనుకోండి, పాత్రలు పంచుకోవాలి. గిరీశం వేషం కోసం పోట్లాట. అందరికీ గిరీశమే కావాలి, లేకపోతే మధురవాణి. బుచ్చమ్మ ఎవరికీ అక్కర్లేదు, చిన్నప్పుడే భర్త పోయిన ఆ పిల్లకి మాటలు తక్కువ. నా మటుకు నాకు గిరీశం అంటే ఎప్పుడూ నవ్వే వచ్చేది. ఎంత గొప్పలు చెప్పుకుంటాడు, ఎంత కోతలు కోస్తాడు! ఒకసారి బుచ్చమ్మ నాకు పడింది, గిరీశం తనకి పడ్డాడు. ఇక చూడండి. విధవా వివాహాల గురించి అతను పక్కవాడికి చెప్తున్నట్టు చెప్తూ, ఈమె వినాలని చెప్తూ, మెల్లిగా ఈమెతోనే చెప్తూ... నేను ఊరికే కూర్చుని వినాలి. వినీ వినీ చివర్లో ఒక చిన్న మాట అనాలి. ఆ విన్నంతసేపూ నాకు నవ్వు రాలేదు. ఆ మాటలు ఒక మనిషి మీద ఎలా పనిచేస్తాయో, ఇంట్లో ఇంకెవరూ తనతో మనిషిగా మాట్లాడని పిల్ల మీద ఎలా పనిచేస్తాయో తెలిసింది. అతను చెప్పేదాంట్లో నిజం కూడా ఉంది, అదే కదా ఇబ్బంది. పుస్తకం చేతిలో పట్టుకుని ఒక్కదాన్నే చదివితే నేను గిరీశం పక్కనే ఉండిపోయేదాన్ని, మాటలన్నీ అతనివే కాబట్టి.

అందుకే అంటున్నాను, మాటలు తక్కువున్న వేషం వదులుకోకండి. మాట్లాడేవాడికి తన పోర్షన్ చూసుకోవడంతోనే సరిపోతుంది. ఆ రంగం నిజంగా వినేది రెండోవాళ్లు.

అన్నట్టు, అదే నాటకంలో మధురవాణి ఇంట్లో మంచం కింద రామప్ప పంతులూ గిరీశమూ దాక్కునే రంగం ఉంది కదా, పూటకూళ్లమ్మ వస్తుంది చీపురు పట్టుకుని. అది ఇద్దరు చదవడానికి ప్రయత్నించకండి. అంటే ప్రయత్నించండి, కానీ ఎవరు ఎవరో తెలియదు, గొంతులు కలిసిపోతాయి, చదివేవాళ్లే నవ్వలేక ఆపేస్తారు. దానికి కనీసం ముగ్గురు కావాలి.

ఇద్దరితో నాటకమేమిటండీ, నాటకానికి బోలెడుమంది కావాలి కదా అని అడుగుతారు. చరిత్ర చూస్తే నాటకంలో మాటకి మాట ఇద్దరితోనే మొదలైంది. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెప్తాడు, గ్రీకు నాటకంలో నటుల సంఖ్యను ఒకటి నుంచి రెండు చేసినవాడు ఈస్కిలస్, మూడోవాణ్ణి తెచ్చినవాడు సోఫోక్లిస్ అని. అంతకుముందు ఒక నటుడు, ఒక బృందం, అంతే. ఈస్కిలస్ 'పర్షియన్లు' అనే నాటకం క్రీస్తుపూర్వం 472 నాటిది, మనకి పూర్తిగా దొరికిన గ్రీకు నాటకాల్లో అదే పాతది, దానికి ఇద్దరు నటులు చాలు. రెండో నటుడొచ్చాకే ఒకడు ఒకటి అంటే ఇంకొకడు కాదనడం వీలయింది. ఆ తర్వాత కూడా ముగ్గురే నటులు, ముసుగులు మార్చుకుంటూ వేషాలన్నీ వాళ్లే వేసేవాళ్లు. ఇంక మనం ఇద్దరం కూర్చుని ఏడెనిమిది వేషాలు చదువుకుంటే వచ్చిన నష్టమేమిటి? బృందగానం వచ్చినచోట ఇద్దరూ కలిసి చదవండి, అడుగు తప్పుతుంది, పరవాలేదు.

షేక్స్‌పియర్ నాటకాల కాలంలో నటుడికి నాటకం మొత్తం ఇచ్చేవాళ్లు కాదు. తన మాటలు, వాటికి ముందు ఎదుటివాడు అనే చివరి రెండు మూడు ముక్కలు, అంతే ఉండే కాగితం ఇచ్చేవాళ్లు. అంటే ఎదుటివాడు ఏం అంటాడా అని చెవులు రిక్కించి వినాల్సిందే. మేం ఒకసారి ఇలా చేసి చూశాం, తెలియని నాటకం తీసుకుని. అది ఆటలా బాగుంటుంది, ఎప్పుడూ చెయ్యక్కర్లేదు.

పద్యం సంగతికొస్తాను. ఇక్కడ కొంతమందితో నాకు పేచీ వస్తుందని తెలుసు. మొదటి చదువుకి రాగం వద్దు. ఆ ముందు వరసలో పెద్దాయన అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు. అయ్యా, పద్యనాటకం రాగంతోనే బతికింది, ఒప్పుకుంటాను. కానీ చదువుకోవడానికి కూర్చున్నప్పుడు రాగం తీస్తే మనకి రాగమే వినపడుతుంది, పద్యం వెనక్కి పోతుంది. మాట్లాడినట్టు చదవండి, గణాలు వాటంతట అవే వస్తాయి.

ఉదాహరణకి పాండవోద్యోగంలో అందరికీ తెలిసిన పద్యమే. "బావా! యెప్పుడు వచ్చితీవు? సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్?" శార్దూలం. పంతొమ్మిది అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. బావాలో బా, భ్రాతల్‌లో భ్రా. ఇది వేళ్ల మీద లెక్కపెట్టి నేర్చుకున్నాం అప్పట్లో, టెన్షన్ పడుతూ. పైకి చదివితే లెక్కక్కర్లేదు, ఎదుటివాళ్లు వింటుంటే భ్రాతల్ దగ్గర గొంతు దానంతటది ఒత్తుతుంది. సరే, యతి సంగతి అలా ఉంచండి. అది ఎవరు ఎవర్ని అడుగుతున్న మాట? కృష్ణుడు దుర్యోధనుణ్ణి. ఎప్పుడొచ్చాడో తెలిసి అడుగుతున్నాడు. తల దగ్గర ముందే వచ్చి కూర్చున్నవాణ్ణి, లేచి ముందు అర్జునుణ్ణి చూసి, తర్వాత ఇటు తిరిగి అడుగుతున్నాడు. రాగం తీస్తే చప్పట్లు వస్తాయి. మాట్లాడినట్టు అంటే ఆ మర్యాదలో ఉన్న ములుకు వినపడుతుంది. దుర్యోధనుడు చదివేవాళ్లకి అది గుచ్చుకోవాలి కూడా. గుచ్చుకుంటే సరిగ్గా చదివినట్టు.

ఆ నాటకాలు రాసినవాళ్లూ ఇద్దరు స్నేహితులే కదా, తిరుపతి వేంకట కవులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి. తిరుపతి శాస్త్రి 1920లో పోయారు, ఆ తర్వాత కూడా వేంకట శాస్త్రి జంట పేరుతోనే రాశారు. వాళ్ల అవధానాల సంగతి మొదలుపెడితే నాకిచ్చిన టైము అయిపోతుంది, వద్దు.

పోతన దగ్గరికి వెళ్దాం. గజేంద్రమోక్షం. "సిరికిం జెప్పడు, శంఖచక్ర యుగముం జేదోయి సంధింపడు." మీలో సగంమందికి నోటికొచ్చు, నాతోపాటే పెదవులు కదుపుతున్నారు. ఈ పద్యం ఇద్దరం చెరో ముక్క చదివాం. నేను సిరికిం జెప్పడు అంటే, తను శంఖచక్ర యుగముం జేదోయి సంధింపడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చెయ్యడు. చెవుల మీద పడ్డ జుట్టు సర్దుకోడు. ఆఖరిది, లక్ష్మీదేవితో పోట్లాటలో పట్టుకున్న ఆవిడ కొంగు కూడా వదలడు. అక్కడ తను ఆగింది. "ఆరూ చెయ్యనివే చెప్పాడు. మరి చేసిందేది?" అని. అవును కదా! చెప్పడు, సంధింపడు, పిలవడు, సిద్ధం చెయ్యడు, సర్దడు, వదలడు. పద్యం అయిపోయింది, ఆయన బయల్దేరాడని పోతన ఒక్క ముక్క అనలేదు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న ఉత్సాహంతో ఉన్నాడు అని ఆపేశాడు. అయినా మనకి పరుగు వినపడుతోంది. ఇన్నేళ్లు నేను భక్తితో చదివాను దీన్ని, తప్పులేదు. కానీ ఆ కొంగు దగ్గర నా స్నేహితురాలు నవ్వితే నాకూ మొదటిసారి నవ్వొచ్చింది. వెనకాల లక్ష్మీదేవి కొంగు పట్టుకుని ఆయన్తోపాటు పరిగెత్తాలి మరి, వేరే దారేముంది ఆవిడకి?

కష్టమైన పద్యాలు ఎలా అంటారా? తిక్కన ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో చెప్పే పద్యం, "సారపు ధర్మమున్ విమల సత్యముఁ బాపముచేత బొంకుచేఁ..." నాలుగు పాదాలూ ఒకటే వాక్యం. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియదు. ధర్మాన్ని పాపమూ సత్యాన్ని అబద్ధమూ చెడగొడుతుంటే, దక్షులు, అంటే ఆపగలిగినవాళ్లు, చూస్తూ ఊరుకుంటే, ఆ చేటు వాళ్లకే, ధర్మాన్ని సత్యాన్ని కాపాడ్డానికి దైవం ఉండనే ఉంది అని. మేం చేసేదేమిటంటే, ఒకళ్లు పద్యం మెల్లిగా చదువుతారు. రెండోవాళ్లు అదే సంగతి తమ మాటల్లో, ఇంట్లో మాట్లాడుకున్నట్టు చెప్తారు. రానిచోట ఆగుతారు. ఆగినచోటే అన్వయం తెగిందన్నమాట, అక్కడ నిఘంటువు తియ్యాలి. శబ్దరత్నాకరం పక్కనే పెట్టుకుంటాం, ఫోన్లో కూడా దొరుకుతుంది. ఆ తర్వాత పద్యం మళ్లీ చదవాలి. ఈ మళ్లీ చదవడం అనేది చాలామంది మర్చిపోతారు. అర్థం తెలిశాక పద్యంతో పనైపోయిందనుకుంటారు. అర్థం తెలిశాకే కదండీ పద్యం మొదలయ్యేది! ఆ దక్షులు ఎవరో, ఆ సభలో ఎవరి మొహాలు చూస్తూ కృష్ణుడు ఆ మాట అన్నాడో తెలిసి చదివితే గొంతు వేరేగా వస్తుంది. భీష్ముడూ ద్రోణుడూ అక్కడే కూర్చున్నారు మరి.

కొన్ని చిల్లర సంగతులు చెప్పి ముగిస్తాను. చదువుతుంటే మధ్యలో ఉచ్చారణ దిద్దకండి, రంగం అయ్యాక చెప్పండి, లేకపోతే ఆ మనిషి రేపు రారు. ఫోన్లో చదువుకునేవాళ్లున్నారు, పద్యాలకి బాగానే ఉంటుంది, నాటకానికి అంత బాగోదు, మాట వెళ్లి రావడంలో ఆ కొంచెం ఆలస్యముందే, అది మాటకి మాట అనే చోట ప్రాణం తీస్తుంది. నచ్చని పుస్తకం మధ్యలో వదిలెయ్యండి, గొప్ప పుస్తకం కదా అని లాక్కెళ్లొద్దు. ఇద్దరిలో ఒకళ్లు బాగా చదువుకున్నవాళ్లయితే కొంచెం జాగ్రత్త, అది పాఠం అయిపోతుంది. చదువుకున్నవాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడగాలని మేం ఒక నియమం పెట్టుకున్నాం, అది ఎప్పుడూ పాటించం. పదిమంది కలిస్తే బాగుంటుంది కదా అని కూడా అడుగుతుంటారు. బాగుంటుంది, కానీ పదిమంది కలిస్తే చదవడం తగ్గి ఉపన్యాసాలు పెరుగుతాయి, ఇప్పుడు నేను చేస్తున్నట్టు. ఇద్దరే ఉంటే తప్పించుకోవడానికి ఉండదు, నీ వంతు వచ్చిందంటే వచ్చింది.

ఏదో అడుగుతున్నారు అక్కడ, కొంచెం గట్టిగా అనండమ్మా. మనిషి దొరకకపోతే ఏం చెయ్యాలి, సాహిత్యం ఇష్టమున్న స్నేహితులు లేరు. మంచి ప్రశ్న. సాహిత్యం ఇష్టమున్నవాళ్లని వెతక్కండి. నా స్నేహితురాలు సాహిత్యం మనిషి కాదని చెప్పాను కదా. కాస్త నవ్వగలిగి, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడనివాళ్లయితే చాలు. వాళ్ల దగ్గరికి వెళ్లి క్లాసిక్స్ చదువుదామా అని అడిగితే రారు, నన్నడిగినా రాను. ఒక్క రంగం నాతో చదువుతావా, నాకు ఎదురు మాట చెప్పేవాళ్లు కావాలి అని అడగండి. శాకుంతలం అయితే అయిదో అంకం తీసుకోండి, ఆమె సభలో నిలబడితే అతను గుర్తుపట్టని చోటు. వాళ్లని దుష్యంతుడు చదవమనండి, కథంతా తమకి తెలిసినా ఏమీ తెలియనట్టు చదవాలి, అది అంత తేలిక కాదు, పౌరుషం వస్తుంది వాళ్లకి. ఒక్క అంకం చాలు. మొత్తం ఏడంకాలని మాత్రం ముందే చెప్పకండి.